ఖాళీ గదిలో ఫ్యాను

చలికాలపు పంట, 6వ రోజు

షెడ్డు పుస్తకం రాసే పని నా చేతికి వచ్చి ఆరు రోజులైంది. నాకు ముందు రాసినవాళ్ళు రోజుకు రెండే మాటలు రాసి ఊరుకున్నారు: "ఆకు వేసినాం. పురుగు తినింది." ఏడాది పొడవునా ఇదే. నేనలా రాయను. లోపల వేడి ఎంత, మీటరు ఎంత తిరిగింది, ఎవరు ఏ దీపం ఆపకుండా వెళ్ళిపోయారు, అన్నీ రాస్తాను. నా పేరు తిప్పేస్వామి, వయసు ఇరవై రెండు. మనకంటే ముందు తరాలు వెనకా ముందూ చూడకుండా కాల్చేసినందుకే మనకీ గతి. ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట రాయడం మొదలుపెట్టాలి.

పొద్దున వేడి 25, మధ్యాహ్నం 27. పట్టుపురుగుకు 28 దాటితే కష్టం. చలికాలం కాబట్టి కూలర్లు లేకుండానే నెట్టుకొస్తున్నాం. నలభై తట్టల పురుగు ఉంది. మా కొండదిగువ పసుపు గూడు రకం ఇంకే ఊళ్ళోనూ మిగల్లేదు. ఆస్పత్రుల్లో కోసిన చోట కుట్లు వేసే దారం దీని నుంచే తీస్తారు.

సాయంత్రం ఆకు వేశాక ఊళ్ళోవాళ్ళు వచ్చి షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నారు. రోజూ వస్తారు. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే పెంకుల మీద చినుకులు పడుతున్నట్టే ఉంటుంది. వాన పడి ఆరేళ్ళైంది కాబట్టి దీన్ని 'వాన వినడం' అంటారు. ఎవరూ మాట్లాడరు. మా బావ ఈరన్న మాత్రం ప్రతిసారీ గొడుగు తెచ్చుకుని వేసుకుంటాడు. "తడిస్తే జలుబు చేస్తాది సామీ" అంటాడు నాతో. పురుగు ఇంకా చిన్నది కాబట్టి ఇవాళ తుంపరే.

ఒక సంగతి నన్ను కుట్టేస్తోంది. కరెంటు పంపకం ఆఫీసు మా షెడ్డుకు ఇచ్చే వంతు రోజుకు ముప్పై యూనిట్లు. ఇవాళ ఇరవై తొమ్మిది తిరిగింది. కూలర్లు తిరగడం లేదు. ఉన్నవి నాలుగు దీపాలు. నాలుగు దీపాలు ఇరవై తొమ్మిది యూనిట్లు తాగుతాయా? రేపు ప్రతి వైరు వెంబడీ నడుస్తాను.

చలికాలపు పంట, 7వ రోజు

నడిచాను. దొరికింది.

షెడ్డుకు మూడు గదులు. మల్బరీ తోట సగం ఎండిపోయినప్పటి నుంచి మూడో గది వాడటం లేదు, తాళం వేసి ఉంటుంది. వైరు ఆ గోడలోకే పోతోంది. చెవి ఆనించాను. లోపల గుయ్ మని చప్పుడు.

తాళంచెవి హనుమక్క నడుముకు, ఆకువక్కల తిత్తి పక్కన ఉంటుంది. ఆమె నలభై ఏళ్ళుగా ఈ షెడ్డులో పురుగు పెంచుతోంది. ఆమె చేత్తో ఆకు తరగనిదే పురుగు తినదని ఊళ్ళో అందరూ అంటారు. నేను ఆమెను అవ్వా అని పిలుస్తాను.

"అవ్వా, ఆ గదిలో ఏముంది?"

"ఏం లేదు నాయనా."

"ఏం లేకుంటే ఆ చప్పుడేంటికి?"

"ఫ్యాన్లు తిరుగుతాండాయి."

"ఎవరికోసం?"

"ఎండాకాలం కోసం."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాళం తీయించాను. నాలుగు ఫ్యాన్లు, నీళ్ళు పోయని రెండు కూలర్లు వట్టి నేల మీద గాలి కొడుతున్నాయి. ఎన్నేళ్ళ నుంచి కొడుతున్నాయో, దుమ్మంతా మూలలకు పోయి గుట్టలు పడింది, నడుమ నేల తుడిచినట్టు మెరుస్తోంది. ఊళ్ళో వంద ఇళ్ళలో పొద్దుగూకితే చీకటి. ఇక్కడ ఎవరూ లేని గదికి గాలి.

హనుమక్క ఏమీ దాచలేదు. "చలికాలంలో ఎంత తిరిగిందో చూసి ఎండాకాలానికి అంతే ఇస్తారు నాయనా. తిరక్కపోతే మనకు అక్కర్లేదనుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఇట్లే కాపాడుకొస్తాండా."

నా దగ్గర అరవై మూడు కరపత్రాలున్నాయి. పంపకం ఆఫీసు బండి వచ్చినప్పుడల్లా అడిగి తీసుకుంటాను, కొన్ని నాకు కంఠతా వచ్చు. 'మిగిల్చిందంతా మీదే' అనే దాంట్లో నాలుగో పేజీ తీసి ఆమెకు చదివి వినిపించాను. "చలికాలంలో మీరు మిగిల్చిన ప్రతి యూనిట్ ఎండాకాలంలో మీ గడపకే తిరిగి వస్తుంది."

"నేనూ చదివినా. కాగితం బాగుండాది" అంది.

అంతే. ఆ ఒక్క మాటతో తేల్చేసింది. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోవడమే ఈ దేశాన్ని ఎండగట్టిందని నేను అరిచాను. ఆమె ఆకు తరుగుతూనే ఉంది. కరెంటు వృథా చేసేవాళ్ళ మీద ఆఫీసుకు పంపే దుర్వినియోగం ఫారం తీశాను.

"మీ పేరు, వయసు చెప్పండి."

ఆమెను మీరు అనడం అదే మొదటిసారి.

"హనుమక్క. అరవై ఏడు." నేను రాస్తుంటే మెడ సాచి చూసింది. "నీ రాత బాగుండాది నాయనా."

వెక్కిరింపని తెలుసు. సంతకం పెట్టించాను. నా చేత్తో ఆరు స్విచ్చులూ ఆపాను. చప్పుడు ఆగగానే మూలల్లోని దుమ్ము కొంచెం జారింది.

ఇవాళ్టి వాడకం: పదకొండు. రేపు నాలుగు ఉంటుంది.

చలికాలపు పంట, 11వ రోజు

ఇంట్లో కూడా మొదలుపెట్టాను. షెడ్డులో ఒక నీతి, ఇంట్లో ఒక నీతి అంటే కుదరదు. నేనుండేది మా అక్క మారెక్క ఇంట్లో. వంటింటి బల్బు తీసేశాను, పగలు కిటికీ తెరిస్తే చాలు. కుండ మీద మూత లేకుండా ఏదీ ఉడకకూడదని గోడ మీద రాశాను. చద్దన్నం వేడి చేయడం ఆపించాను. ఫ్యాను సాయంత్రం గంటసేపే.

అక్క అంది, "నువ్వు తినే ముద్ద ఉడకడానికి కూడా కరెంటు అయిందిరా. అది కూడా రాసుకో."

"రాసుకున్నా."

బావ మంచం మీద నుంచి చెయ్యెత్తాడు. "సామీ, ఒక అనుమానం. గురక పెడితే మీటరు తిరుగుతాదా?"

"నవ్వులాట కాదు బావా."

"తిరగదు కదా. అయితే పెట్టుకుంటాలే."

మా ఇంటి వాడకం సగానికి పడింది. అక్క నాతో మాట్లాడటం కూడా సగానికి పడింది. పరవాలేదు. ఎండాకాలంలో చల్లగా కూర్చున్నప్పుడు గుర్తు చేస్తాను.

చలికాలపు పంట, 19వ రోజు

పంపకం ఆఫీసు నుంచి మనుషులు వచ్చి హనుమక్కను కొండ మీది పనికి మార్చారు. ఎండ పలకలు తుడిచే పని. మా తాలూకాకు కరెంటంతా ఆ పలకల నుంచే వస్తుంది. అరవై ఏడేళ్ళ మనిషిని కొండ ఎక్కించడం నేను అడగలేదు. హెచ్చరిస్తారనుకున్నాను. అయినా నియమం నియమమే.

పోయేముందు ఆకు ఎంత వెడల్పున తరగాలో చూపించింది, నా వేలు పట్టుకుని, గోరు దాకా చిన్న పురుగుకు, కణుపు దాకా పెద్ద పురుగుకు. తాళంచెవి తట్ట మీద పెట్టి పోయింది.

వేడి 27. వాడకం మూడు. వాన గట్టిగా పడింది సాయంత్రం, ఆఖరిదైన ఐదో దశ పురుగు కదా. బావ గొడుగు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

చలికాలపు పంట, ఆఖరి రోజు

ముప్పై ఎనిమిది తట్టల గూళ్ళు దిగాయి. ఇంత మంచి పంట ఈ మధ్య లేదు. రోజుకు మూడు యూనిట్లతో తాలూకాలోనే మొదటి షెడ్డు మాది. సభలో నాకు శాలువా కప్పారు. ఆఫీసు తరఫున వచ్చిన షహనాజ్ మేడం నా పేరు రెండుసార్లు చదివింది. ఫొటో తీశారు, కరపత్రంలో వేస్తారట.

నేను రాసిన దానిలో ఇంతవరకు ఒక్క అబద్ధం లేదు. అందుకే సంతోషంగా ఉన్నానని కూడా రాస్తున్నాను.

ఎండాకాలపు పంట, 2వ రోజు

వంతు కాగితం వచ్చింది.

కొండదిగువ పట్టు షెడ్డు: రోజుకు మూడు యూనిట్లు.

ముప్పై రాయబోయి మూడు అని రాశారనుకున్నాను. కింద అక్షరాల్లో కూడా మూడు అనే ఉంది. గుడ్లు పగిలి పురుగు అప్పటికే తట్టల్లోకి వచ్చేసింది. వెనక్కి పంపడానికి అదేమీ సరుకు కాదు. మిగిలిన విత్తనమంతా ఈ నలభై తట్టలే. వీటి గూళ్ళలోంచి రెక్కల పురుగులు వచ్చి గుడ్లు పెడితేనే మా రకానికి ఇంకో పంట.

లోపల వేడి 31. నీళ్ళు పోసి పంపుతో సహా ఒక్క కూలరు తిప్పితే గంటకు ఒక యూనిట్.

మా ఇంటికీ సగమే వచ్చింది. నేను తీసేసిన బల్బు ఇక పెట్టినా వెలగదు. అక్క కాగితం చదివి మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది, ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఎండాకాలపు పంట, 4వ రోజు

సైకిలు మీద పదమూడు మైళ్ళు పోయి పంపకం ఆఫీసులో కూర్చున్నాను. నాలుగో పేజీ నా జేబులోనే ఉంది. షహనాజ్ మేడం గదిలో కూడా ఫ్యాను ఆగి ఉంది. చేతిలో కాగితంతో విసురుకుంటోంది. చూస్తే అది 'మిగిల్చిందంతా మీదే'.

"మేడం, ఇందులో తిరిగి వస్తుందని రాసినారు."

"అది ప్రోత్సాహం కోసం వేసిన కాగితం బాబూ."

"మేం ఇరవై ఏడు యూనిట్లు రోజూ మిగిల్చినాం. యాడికి పోయినాయి అవి?"

ఆమె లేచి కిటికీ తీసింది. దూరంగా కొండ కనిపిస్తోంది. పలకల వరసల్లో నల్లగా, పళ్ళు ఊడినట్టు ఖాళీలున్నాయి. "అదిగో, అక్కడికి. ఏటా కొన్ని చచ్చిపోతున్నాయి. కొత్తవి చేసేవాళ్ళు లేరు. ఏటా తక్కువ వస్తుంది, ఏటా ఎవరికో తగ్గించాలి. ఎవరికి తగ్గించమంటావు? ఆస్పత్రికా, బావికా? అందుకే తగ్గినా బతుకుతామని ఎవరు చూపిస్తే వాళ్ళకు తగ్గిస్తాం. నువ్వు అందరికంటే బాగా చూపించావు."

"అది చలికాలం మేడం."

"కాగితంలో కాలం రాసే చోటు లేదు."

ఆమె కసురుకుని ఉంటే బల్ల తిరగేసేవాణ్ణి. కసురుకోలేదు. మంచినీళ్ళు ఇచ్చింది. తలుపు దాకా వచ్చి, "ఆ పెద్దామె ఏమైంది?" అని అడిగింది.

నేను సైకిలు ఎక్కాను. హనుమక్క ఫారం మీద ఆఫీసు తరఫున సంతకం పెట్టింది ఈమే.

తిరిగి వస్తూ పక్క ఊరి నూలు షెడ్డులో ఆగాను. వాళ్ళకూ కోతే. వాళ్ళ గుమాస్తా గోడ మీద కూడా నా దగ్గరున్న కరపత్రాలే అతికించి ఉన్నాయి.

ఎండాకాలపు పంట, 9వ రోజు

తడి గోనెపట్టాలు, కింద ఇసుక, కుండలు, అన్నీ పెట్టాను. ఎక్కువ తడిపితే పురుగుకు బూజు పడుతుంది, తక్కువైతే వేడి. ఒక్క కూలరు మధ్యాహ్నం మూడు గంటలు తిప్పుతున్నాను. వేడి 32.

బావ ఒక ఉపాయం చెప్పాడు. వైరు తెచ్చి మా ఇంటి వంతు, ఇంకా ఎవరైనా ఇస్తే వాళ్ళదీ షెడ్డుకు లాగుదామని. పది ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళలో షెడ్డు వంతు పోగొట్టినందుకు నన్ను తిట్టనివాళ్ళు ఎవరూ లేరు. వైరు గడప దాటించిన క్షణంలో మీటరు ఎర్రగా వెలిగి ఆగిపోయింది. ఇంటి వంతు ఇంటి గోడ దాటకూడదు. మూడు రోజులు మా ఇంటికి సున్నా.

"పోనీలే సామీ. ఇప్పుడు నేను గురక పెట్టినా ఎవురూ అనుమానించరు" అన్నాడు బావ.

నాకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది.

ఎండాకాలపు పంట, 14వ రోజు

వేడి 33. నాలుగు తట్టల్లో పురుగు ఆకు మీదకు ఎక్కడం లేదు.

కొండ ఎక్కాను. హనుమక్క తడిగుడ్డతో పలక తుడుస్తోంది. మొహం నల్లగా కమిలింది. మోకాళ్ళకు గోనె ముక్కలు కట్టుకుంది. నన్ను చూడగానే తనే అడిగింది.

"ఎన్ని తట్టలు?"

"ముప్పై ఆరు. అవ్వా, నేను ఆ ఫారం…"

"నువ్వు రాసిందాంట్లో తప్పేముంది? ఖాళీ గదే కదా." గుడ్డ పిండింది. "ఎంత వేడి?"

"ముప్పై మూడు."

ఆమె కాసేపు కొండ కిందికి, షెడ్డు వైపు చూసింది. "విసనకర్రలు ఉండాయా ఊళ్ళో?"

ఎండాకాలపు పంట, 16వ రోజు

వాన వినడానికి వచ్చేవాళ్ళందరినీ హనుమక్క లోపలికి పిలిచింది. పలకల పని పొద్దున్నే ముగించుకుని వచ్చి నిలబడింది. తట్టకొక మనిషి. తాటాకు విసనకర్రలు, అట్టముక్కలు, మా అక్క చేతిలో చాట. ముప్పై ఆరు మంది విసురుతున్నారు. గంటకోసారి మనుషులు మారుతున్నారు. నేను నా కరపత్రాల పెట్టె తెచ్చి పంచాను. దళసరి కాగితం, గాలి బాగానే వస్తుంది.

"మొత్తానికి పనికొచ్చినాయి" అంది అక్క. రెండు వారాల్లో నాతో అన్న మొదటి మాట.

వేడి 32. ఒక డిగ్రీ తగ్గింది. మీటరు వాడకం మూడే. ఏ కరపత్రంలోనూ ఇంతమంది మనుషుల గురించి చదవలేదు నేను. ఇలా పది రోజులు విసిరితే గూడు కడుతుంది.

ఎండాకాలపు పంట, 20వ రోజు

వేడి 35. బయట 46. విసిరే గాలే వేడిగా ఉంది.

పురుగు మెత్తబడుతోంది. పట్టుకుంటే వేలికి నల్లటి నీరు అంటుతోంది. ఇరవై రెండు తట్టలు మిగిలాయి. ఐదో దశకు వచ్చింది, ఇప్పుడు తినే తిండే గూడు అవుతుంది. ఆకు వేశాను. తినే చప్పుడు వినడానికి అందరూ విసరడం ఆపారు.

"వాన తగ్గింది" అన్నారు ఎవరో.

అక్క చేతులకు బొబ్బలెక్కాయి. ఇంటికి పొమ్మన్నాను. "నువ్వు ఫ్యాను ఆపితే నేను విసరాల, నువ్వు పొమ్మంటే పోవాల. అన్నీ నీ ఇష్టమేనా?" అంది. పోలేదు.

ఎండాకాలపు పంట, 23వ రోజు

వేడి 37.

పొద్దున తొమ్మిది తట్టలు. మధ్యాహ్నం నాలుగు. సాయంత్రం ఆకు వేశాం. హనుమక్కే తరిగింది, కణుపు దాకా వెడల్పు. తట్టల మీద పరిచి అందరం బయటికి వచ్చి ఎప్పటిలా గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎందుకో ఎవరూ లోపల ఉండలేకపోయారు.

రెండు మూడు చినుకులు. ఆగి ఆగి ఇంకొకటి. తర్వాత చాలాసేపు కూర్చున్నాం.

బావ గొడుగు ముడిచాడు.

హనుమక్క లేచి చీర దులుపుకుని, "రాసుకో నాయనా" అంది.

ఆకు వేసినాం. పురుగు తినలేదు.

ఎండాకాలం, పంట లేదు

పురుగును గుంట తీసి సున్నం చల్లి పూడ్చాం. తట్టలు కడిగి ఎండలో ఆరబెట్టాను. మీటరు కట్టేశాను. హనుమక్క కొండ మీదకు పోయింది, రేపు కూడా పోతుంది. ఈ పుస్తకం ఎందుకు రాస్తున్నానో తెలీదు. అలవాటు.

సాయంత్రం ముగ్గురు నలుగురు వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని లేచి వెళ్ళారు.

ఎండాకాలం, పంట లేదు, ఇంకొక రోజు

బండి వచ్చింది. కొత్త కరపత్రం. పేరు 'సున్నా యూనిట్ల షెడ్డు'. మొదటి పేజీలో శాలువా కప్పుకుని నేను. మా షెడ్డు ముప్పై యూనిట్ల నుంచి మూడుకు, మూడు నుంచి సున్నాకు వచ్చిందని, తాలూకా అంతా ఈ దారిలో నడవాలని రాశారు. అంకెలన్నీ సరైనవే. ఈ పుస్తకంలోంచే తీసుకున్నారు. పురుగు మాట ఎక్కడా లేదు. పురుగు గురించి రాసే చోటు ఆఫీసు ఫారంలో లేదు.

ఎండాకాలం, చివరి నమోదు

ఇవాళ చూడటానికి ఎనిమిది మంది వచ్చారు, అందరూ నా వయసువాళ్ళే. దూరం నుంచి సైకిళ్ళ మీద వచ్చారు. చేతుల్లో కరపత్రం. ఖాళీ తట్టలు చూసి, "శుభ్రంగా ఉంచినారన్నా" అన్నారు. పురుగు ఏదని అడిగితే చచ్చిపోయిందని చెప్పాను. వాళ్ళు తలలూపి మీటరు దగ్గరికి పోయారు.

వాళ్ళను తీసుకొచ్చినది గంగరత్న అనే అమ్మాయి. కోళ్ళ గుడ్లు పొదిగించే షెడ్డులో పని చేస్తుందట. మాట చురుకు, కళ్ళు ఇంకా చురుకు. నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, మా షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. వెనక కొట్టులో ఎవరూ లేకపోయినా హీటరు వెలిగించి పెడతాడు. అడిగితే చలికాలం కోసం అంటాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. మీరెట్ల ఆపించినారో చెప్తే నేనూ అట్లే చేస్తా."

ఆమెను మూడో గదిలోకి తీసుకుపోయాను. మూలల్లో గుట్టపడిన దుమ్ము ఇప్పుడు నేలంతా పరుచుకుంది. అక్కడ నిలబడి చెప్పాను. "ఆపొద్దు. ఇంకొక హీటరు ఉంటే అదీ వెలిగించమని చెప్పు. తాళం వేయమను. నిన్ను అడిగితే నాకు తెలీదని చెప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అది లోపలి నుంచి ఎలా ఉంటుందో కూడా తెలుసు. పలకల గురించి, కాగితాల గురించి, షహనాజ్ మేడం కిటికీ గురించి అంతా చెప్పాను. కొండ చూపించాను.

ఆమె అంతా ఓపిగ్గా విని, 'మిగిల్చిందంతా మీదే'లో నాలుగో పేజీ తీసి నాకు చదివి వినిపించింది.

"నేనూ చదివినా" అన్నాను.

ఆమె సంచిలోంచి ఫారం తీసింది. అదే ఫారం, పసుపు రంగు. మోకాలి మీద పెట్టుకుని కలం మూత తీసింది.

"మీ పేరు, వయసు చెప్పండి."

అంతవరకు అన్నా అని పిలిచింది.

"తిప్పేస్వామి. ఇరవై రెండు."

రాసుకుంది. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రటి అక్షరాలు. చూస్తూ ఉండిపోయాను.

"నీ రాత బాగుందమ్మా" అన్నాను.